ఎర్ర తువ్వాలు, రాత్రి పులుసు

"చేపల పులుసు లేకుండా రెండు రోజులు ఉండగలవా?"

దేశభద్రతకి సంబంధించిన టాప్ సీక్రెట్ బ్రీఫింగ్‌లో ఏ ఆఫీసరూ ఏ ఏజెంటునీ ఇలాంటి ప్రశ్న అడిగి ఉండడు. కానీ పెంచలప్రసాద్ గారు ఊరికే అడిగే మనిషి కాదు. సంగంలో వరి పండించే ఇంట పుట్టి, పోలీసులో చేరి, ఇప్పుడు నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక బియ్యం కొట్టు మీద గదిలో కూర్చుని కోస్తా గూఢచారి విభాగాన్ని నడుపుతున్నాడు. కింద మొలగొలుకుల బియ్యం బస్తాలు, పైన దేశ రహస్యాలు. మెట్లెక్కే మనిషికి తౌడు వాసన తప్ప ఇంకేమీ తెలియదు.

"ఉండగలను సార్," అన్నాడు ఎదురుగా కూర్చున్న శివ. డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్‌నేమ్ కొరమీను. చేతికి చిక్కినా జారిపోతాడని ఆ పేరు పెట్టారు.

"కొలంబోలో కూడా ఇదే మాట చెప్పినావు. పంజాబీ వ్యాపారి వేషంలో పోయి, హోటల్ ఫ్రిజ్‌లో చేపల కూర దాచిపెట్టినావు. ఎందుకూ అంటే, పొద్దున తిందామని! గది ఊడ్చేవాడు కూడా నువ్వు నెల్లూరోడివని పట్టేసినాడే! ఎంత ట్రైనింగ్ ఇచ్చినా నీలో ఉండే నెల్లూరు పోలేదబ్బయా."

శివ తల దించుకున్నాడు. ఏం చేస్తాడు మరి? పులికాట్ సరస్సు ఒడ్డున, చిట్టమూరుకి అవతల, చేపలు పట్టుకుని బతికే ఇల్లు వాళ్లది. అక్కడ చేపల పులుసు వండిన పూట తినరు. చింతపండు, మామిడికాయ పులుపు ముక్కకి పట్టాలంటే రాత్రంతా మూత కింద ఊరాలి. పొద్దున తింటేనే అది పులుసు. వండిన పూటే తినేవాడిని వాళ్లమ్మ కామాక్షమ్మ మనిషి కింద జమకట్టదు.

పెంచలప్రసాద్ గారు గోడ మీద స్క్రీన్ వెలిగించాడు. ఒక ఫైబర్ పడవ బొమ్మ వచ్చింది.

"టార్గెట్ మన ఓడరేవు. ఎల్లుండి తెల్లవారి ఒక గ్యాస్ ట్యాంకర్ లోపలికి వస్తుంది. వేటకి పోయిన మన పడవలన్నీ ఒడ్డుకి తిరిగొచ్చే టైము కూడా అదే. ఆ గుంపులో ఒక దొంగ పడవ కలుస్తుంది. లోపల నిండా పేలుడు సరుకు. పైకి చూస్తే అచ్చం మన పడవే. మన రంగు, మన పేరు, మన నంబరు. ఒక విదేశీ ముఠా దాన్ని వియత్నాంలో కట్టించి, ఓడ మీద మన సముద్రంలోకి పంపేసింది."

"ఏ పేరు రాసినారు సార్ దాని మీద?"

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను?"

"ట్యాంకర్‌నే ఆపేస్తే?"

"ముఠాకి తెలిసిపోతుంది. ఇంకో రోజు, ఇంకో ఓడ. అప్పుడు మనకి ఈ మాత్రం ఆచూకీ కూడా ఉండదు."

"పేరు దొరక్కపోతే?"

పెంచలప్రసాద్ గారు స్క్రీన్ వైపు తిరిగాడు. "కోస్ట్ గార్డ్‌కి ఆర్డర్ వచ్చేసింది. పేరు దొరక్కపోతే, ట్యాంకర్ దగ్గరికొచ్చే ఏ పడవనైనా కాల్చేయాల. మీ నాయన ఒడ్డునే ఉండాడా?"

"నిన్ననే వేటకి పోయినాడు సార్," అన్నాడు శివ. "ఎల్లుండి తెల్లవారికే వస్తాడు."

ఏజెంట్ అయినా కొడుకు కొడుకే. శివ గోడ మీది పడవ బొమ్మనే చూస్తూ కూర్చున్నాడు.

మిగతాది పెంచలప్రసాద్ గారు గబగబా చెప్పేశాడు. ముఠా బోటుయార్డులో పనిచేసే ఇంజన్ మెకానిక్ మన నెల్లూరువాడే, పేరు కృపాదానం. దొంగ పడవ మీద పేరు రాసింది అతని చెయ్యే. ఫోను లాగేసుకుని అతణ్ణి కాపలాలో ఉంచారు. ఒక నావికుడి చేత కబురు పంపాడు గానీ, ఆ నావికుణ్ణి కూడా నమ్మక పేరు చెప్పలేదు. నెల్లూరు మనిషిని పంపితేనే చెప్తానన్నాడు. రోజూ పొద్దున హానోయ్ రైల్లో స్పేర్ పార్టులొస్తే దించుకోవడానికి అతణ్ణి డోంగ్‌హోయ్ స్టేషన్‌కి తెస్తారు. స్టేషన్‌లో కొత్తవాళ్లు తచ్చాడితే కాపలావాళ్లకి అనుమానం. రైల్లోంచి దిగి కాఫీ తాగే టూరిస్టుని మాత్రం ఎవరూ పట్టించుకోరు.

"నువ్వు ఢిల్లీ బ్యాక్‌ప్యాకర్‌వి. పేరు రోహన్ మెహతా. తెలుగు రాదు. గుర్తు ఇదీ." టేబుల్ మీద ఎర్ర తువ్వాలు పడింది. "ఇది భుజాన ఉంటే కృపాదానం నీ దగ్గరికి వస్తాడు. ఇంకొకటి, ఈ పవర్ బ్యాంక్ నిజానికి శాటిలైట్ ఫోను. సెల్‌ఫోన్‌కి తగిలించి పాడు చెయ్యబాకు. కడసారి చెప్తున్నా, నెల్లూరుని ఈడే వదిలేసి పో."

శివ వదిలేసే వెళ్లాడు, ఒక్క వస్తువు తప్ప. బ్యాక్‌ప్యాక్ అడుగున, టీషర్టుల కింద, అమ్మ ఇచ్చిన మూత గిన్నె ఉంది. స్టీలుది. మూత మీద ఆమె పేరు చెక్కి ఉంది. దాన్ని తీసేద్దామని రెండుసార్లు చెయ్యి పెట్టి, రెండుసార్లూ మళ్లీ లోపలికే తోశాడు.

*

హానోయ్‌లో రైలు సాయంత్రం కదిలింది. నాలుగు బెర్తుల కంపార్ట్‌మెంట్‌లో ముగ్గురే ఉన్నారు.

ఎదురు కింది బెర్తులో హెన్రిక్ అనే ముసలి స్వీడన్ దేశస్థుడు. మెడలో బైనాక్యులర్స్. పక్షులు చూడ్డానికి దేశాలు తిరుగుతుంటానన్నాడు. శివ నమ్మలేదు. బైనాక్యులర్స్‌తో పక్షులూ చూడొచ్చు, ఓడరేవులూ చూడొచ్చు. పైగా ఆ పెద్దమనిషి రైలెక్కిన పావుగంటకే మ్యాప్ ఒకటి తీసి బెర్తు మీద పరిచాడు. అది పులికాట్ మ్యాపు!

"ఇండియా నుంచా? నేను నేలపట్టు పక్షుల కేంద్రం దగ్గర మూడు చలికాలాలు ఉన్నాను," అన్నాడు ఇంగ్లీషులో. "పులికాట్ తెలుసా మీకు?"

"వినలేదు. ఎక్కడుంది అది?" అన్నాడు శివ. సొంత ఊరి గురించి ఆ మాట అనడం కష్టమే, అయినా అన్నాడు. వీడే, ముఠా మనిషి వీడే అని మనసులో ఖాయం చేసుకున్నాడు.

మూడో మనిషి సుప్రియ. హైదరాబాద్ ట్రావెల్ వ్లాగర్. పచ్చ సిల్క్ షర్టు, కత్తిరించిన జుట్టు, చేతిలో సెల్ఫీ స్టిక్. ఆమె కారిడార్‌లో నడిస్తే పక్క కంపార్ట్‌మెంట్ల తలుపులన్నీ వాటంతట అవే తెరుచుకున్నాయి. "హాయ్ ఫ్రెండ్స్! బ్యాక్‌ప్యాక్ వేసుకుని ఫారిన్‌లో ఓవర్‌నైట్ ట్రైన్! టాయిలెట్ రివ్యూ కూడా ఉంది, స్కిప్ చేయకండి!" అని కెమెరాకి చెప్తుంటే శివ తెలుగు రానట్టు కిటికీలోంచి బయటికి చూశాడు. నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు.

కాసేపటికి భోజనాల బండి వచ్చింది. సుప్రియ లేచింది. "ఇద్దరూ కూర్చోండి. ఫుడ్ రివ్యూ నాది, బిల్లూ నాదే." బయటికి వెళ్లి మూడు కాగితపు గిన్నెలు తెచ్చింది. "కాన్ చువా. వీళ్ల పుల్లటి చేపల సూప్. వేడిగా ఉన్నప్పుడే తాగాలి."

ఆవిరి శివ ముక్కుకి తగిలింది. ఓరి దేవుడా! చింతపండు, టమాటా, పండుమిరప, మధ్యలో చేప ముక్క. మామిడికాయ బదులు అనాసముక్కలు వేశారు, పాపం వాళ్లకి తెలియదు. ఒక్క రాత్రి మూత పెట్టి వదిలేస్తే పొద్దునకి ఎట్టా ఉంటుందో!

హెన్రిక్ గిన్నె ఎత్తి గటగటా తాగేశాడు. సుప్రియ తన గిన్నెలో చెంచా తిప్పుతూ, "తాగు రోహన్, చల్లారిపోతుంది," అంది. ఒకసారి కాదు, మూడుసార్లు.

కొలంబో గుర్తొచ్చింది శివకి. తాగకపోతే అనుమానం, తాగుదామంటే చెయ్యి రావడం లేదు. ఆమె కెమెరా బ్యాటరీ మార్చుకోవడానికి అటు తిరిగిన క్షణంలో బ్యాగ్‌లోంచి స్టీలు గిన్నె లాగి, సూప్ అందులో వంచి, మూత పెట్టి, బెర్తు కిందికి తోసేశాడు. ఖాళీ కాగితపు గిన్నె ఒళ్లో పెట్టుకుని పెదాలు తుడుచుకున్నాడు.

"సూపర్," అన్నాడు.

సుప్రియ ఖాళీ గిన్నె వైపు చూసి నవ్వింది. "గుడ్ బాయ్."

లైటు ఆపేశారు. శివ ఎర్ర తువ్వాలు, పవర్ బ్యాంక్ దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు. తన మీద తనకే కోపంగా ఉంది. సార్ చెప్పిందే నిజం, నీ బుద్ధి మారదురా అని తిట్టుకున్నాడు. కళ్లు సగం మూసి, హెన్రిక్ మీదే చూపు నిలిపాడు. హెన్రిక్ గుర్రు పెట్టాడు. దొంగ గుర్రు అనుకున్నాడు శివ.

*

తెల్లవారింది. కిటికీ బయట పచ్చటి వరి మళ్లు పరుగెత్తుతున్నాయి. మళ్లలో తెల్లటి కొంగలు.

హెన్రిక్ ఫోన్‌లో అలారం మోగింది. మోగుతూనే ఉంది. ముసలాయన కదల్లేదు. నలభై ఏళ్లలో ఒక్క తెల్లవారుజామున కూడా పక్షుల్ని వదులుకోలేదని రాత్రి గొప్పలు చెప్పిన మనిషి ఇతనే. శివ లేచి భుజం కుదిపాడు. బుగ్గ మీద తట్టాడు. రెప్ప లేపి చూశాడు. హెన్రిక్ పీల్చి వదలడం తప్ప ఇంకేమీ చేయడం లేదు. అది దొంగ నిద్ర కాదు.

శివ చూపు బెర్తు కిందికి పోయింది. హెన్రిక్ సూప్ వేడిగా తాగాడు. తను మూత పెట్టాడు. తాగి ఉంటే ఈపాటికి తనూ ఇలాగే పడి ఉండేవాడు.

రాత్రంతా కాపలా కాసింది తప్పు మనిషిని!

తలుపు చప్పుడైంది. శివ ఒక్క గెంతులో బెర్తు మీద పడి గుర్రు పెట్టాడు. సుప్రియ వచ్చింది. సెంటు వాసన దగ్గరికొచ్చింది. దిండు కింది నుంచి ఎర్ర తువ్వాలు మెల్లగా జారిపోయింది. వెంటనే పవర్ బ్యాంక్ కూడా. బెర్తు పక్కన హెన్రిక్ పవర్ బ్యాంక్ ఇంకోటి పడి ఉంది, దాన్ని ముట్టుకోలేదు. అంటే ఏది ఫోనో ఆమెకు తెలుసు. అంటే మనిషి డిపార్ట్‌మెంట్‌దే.

ఇప్పుడు ఇంకో అనుమానం పట్టుకుంది శివకి. సార్ పంపిన మనిషేమో? తనను నమ్మక, కొలంబో సంగతి తెలిసి, తనను పక్కన పెట్టేసి పని తనే చేసుకుపోతోందేమో? ఎగిరి పట్టుకుంటే సొంత మనిషినే కొట్టినట్టవుతుంది. పట్టుకోకపోతే నాయన పడవ?

రైలు వేగం తగ్గింది. సుప్రియ బయటికి నడిచింది. శివ లేచాడు. బెర్తు కింద నుంచి గిన్నె తీశాడు. ఎందుకు తీశాడంటే సాక్ష్యం కోసం అని తర్వాత రిపోర్టులో రాశాడు. అమ్మ గిన్నె పోతే ఇంట్లో అడుగుపెట్టలేనన్న సంగతి మాత్రం రాయలేదు.

*

డోంగ్‌హోయ్ ప్లాట్‌ఫాం. బ్రెడ్డు, కాఫీ అమ్మేవాళ్ల అరుపులు. గేటు దగ్గర నల్ల టోపీలవాళ్లు ఇద్దరు సిగరెట్లు కాలుస్తున్నారు, కళ్లు మాత్రం లగేజి పెట్టె వైపే ఉన్నాయి. అక్కడ బక్కపల్చటి మనిషి ఒకడు తోపుడు బండిలోకి అట్టపెట్టెలు దించుకుంటున్నాడు. మెడలో నల్లదారానికి చిన్న సిలువ. అతనే కృపాదానం.

సుప్రియ భుజాన ఎర్ర తువ్వాలు వేసుకుని బ్రెడ్డు బేరం చేస్తోంది. కృపాదానం బండి తోసుకుంటూ ఆమె పక్కకి వచ్చి ఆగాడు.

"పెంచలప్రసాద్ గారు పంపారు," అంది సుప్రియ తెలుగులో, చిన్న గొంతుతో. అరచేతిలో డిపార్ట్‌మెంట్ ఐడీ కార్డు ఒక్కసారి మెరిసి మాయమైంది. కార్డు నిజమైనదే. "పేరు చెప్పు అన్నా. టైం లేదు."

కృపాదానం నోరు తెరిచాడు.

అరిస్తే టోపీలవాళ్లు వస్తారు. చూపించడానికి తువ్వాలు లేదు, ఐడీ లేదు. చేతిలో ఉన్నదల్లా గిన్నె. వాళ్ల మధ్యకి నడిచాడు. ఢిల్లీ రోహన్ మెహతా ఆ నాలుగడుగుల్లోనే చచ్చిపోయాడు.

"అన్నా, పులుసు తింటావా?" అన్నాడు. "రాత్రిది. తాకలేదు. పొద్దునకని మూతేసి పెట్టినా."

సుప్రియ ముఖంలో రంగు మారింది. నిద్రపోతూ ఉండాల్సినవాడు ఎదురుగా నిలబడితే ఎవరికైనా మారుతుంది. కృపాదానం తువ్వాలు వైపు చూశాడు. గిన్నె వైపు చూశాడు. మూత కొంచెం ఎత్తి వాసన చూశాడు. చాలా రోజులుగా పరాయి ఊళ్లో ఉన్న మనిషి, కళ్లు చెమర్చాయి.

"అమ్మా," అన్నాడు సుప్రియతో, "మీదీ నెల్లూరేనా?"

"అవునన్నా. నెల్లూరే."

"అయితే మీరు చెప్పండి. ఇది రాత్రి చేపల పులుసంట. తినొచ్చునా?"

"ఛీ, పారేయ్ అన్నా! రాత్రిదంటే పాడైపోయి ఉంటుంది."

కృపాదానం మూత పెట్టేశాడు. ఎర్ర తువ్వాలుకి వీపు చూపించి, శివ పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"నెల్లూరంట!" అన్నాడు.

సెల్ఫీ స్టిక్ చివర నుంచి సన్నటి సూది బయటికొచ్చింది. సుప్రియ చెయ్యి కృపాదానం మెడ వైపు లేచింది. శివ ఆలోచించలేదు. మూత లాగేసి, గిన్నెడు పులుసూ ఆమె ముఖాన కొట్టాడు. పండుమిరప, చింతపండు రాత్రంతా ఊరి ఉన్నాయి. ఆమె కెవ్వున అరిచి కళ్లు మూసుకుంది. చెయ్యి వంకరపోయి సూది ఆమె తొడలోనే దిగింది. గిన్నె గణగణమంటూ ప్లాట్‌ఫాం మీద దొర్లిపోయింది.

"అయ్యయ్యో, బంగారం లాంటి పులుసు!" అన్నాడు కృపాదానం.

"మత్తుమందు ఉండాదన్నా అందులో!"

"ఉంటే మాత్రం?"

టోపీలవాళ్లు పరుగందుకున్నారు. గార్డు విజిల్ వేశాడు. శివ సుప్రియ భుజానున్న సంచిలోంచి పవర్ బ్యాంక్ లాగి, కృపాదానం చెయ్యి పట్టుకుని కదులుతున్న రైల్లోకి దూకాడు. కాపలావాళ్ల కాళ్లకి తోపుడు బండి అడ్డం తగిలి అట్టపెట్టెలన్నీ దొర్లాయి. సుప్రియ బ్రెడ్డు బుట్ట మీద వాలి నిద్రపోయింది. రైల్వే పోలీసులు తాగిన టూరిస్టు అనుకుని ఆమె చుట్టూ మూగారు.

"పేరేందన్నా? పడవ పేరు!"

"కామాక్షమ్మ," అన్నాడు కృపాదానం రొప్పుతూ.

అమ్మ పేరు. నాయన పడవ. నాయన ఇప్పుడు ఆ పేరున్న పడవలో, ఆ నీళ్ల మీదే ఉన్నాడు. ఈ పేరు చెప్తే కోస్ట్ గార్డ్ ఆ పేరున్న పడవను కాలుస్తుంది. నీళ్ల మీద ఆ పేరున్న పడవలు రెండున్నాయి.

"అది మా నాయనది అన్నా." శివ అతని భుజం పట్టుకున్నాడు. "రెండూ ఒకేలా ఉంటాయా?"

"అచ్చం ఒకేలా ఉంటాయి. రంగు, అక్షరాలు, నంబరు, అన్నీ ఫోటో చూసి దింపినా." కృపాదానం మెడలో సిలువ పట్టుకుని నవ్వాడు. "ఫోటో పక్క నుంచి తీసినారు. ముక్కు కనపడలేదు. మీ వాళ్లు వేటకి పోయే ముందు పడవ ముక్కుకి పసుపు పూసి బొట్టు పెడతారు గదా. నన్నెవరూ అడగలేదు. నేను చెప్పలేదు. కావాలనే చెప్పలేదు."

శివ పవర్ బ్యాంక్ బటన్ నొక్కాడు. నెల్లూరులో అప్పుడే తెల్లవారుతోంది.

"సార్! దొంగ పడవ పేరు కామాక్షమ్మ. ముక్కుకి పసుపు లేని కామాక్షమ్మను ఆపండి. పసుపుండేదాన్ని ముట్టుకోవద్దు సార్. అది మా నాయన!"

అవతల పెంచలప్రసాద్ గారు వైర్‌లెస్‌లో అదే మాట అరవడం వినిపించింది. ఆ తర్వాత గరగర. శివ తలుపు కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. పక్కన కృపాదానం కళ్లు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. ప్రార్థన చేస్తున్నాడు.

దూరంగా, లైన్లో, రెండు తుపాకి మోతలు.

"సార్? సార్!"

"అరవబాకబ్బయా, వినపడతా ఉండాది." పెంచలప్రసాద్ గారి గొంతు. "ఇంజన్ పగలగొట్టి ఆపేసినారు. ట్యాంకర్‌కి కూతవేటు దూరంలో. లోపలోళ్లు నీళ్లలో దూకి దొరికిపోయినారు. మీ నాయన ముత్యాలయ్య క్షేమం."

శివ ఏడ్చాడు. కొరమీను ఏడవడం డిపార్ట్‌మెంట్ రికార్డుల్లో లేదు, కృపాదానం కూడా ఎవరికీ చెప్పలేదు.

తేరుకున్నాక సుప్రియ సంగతీ, హెన్రిక్‌కి పట్టిన మత్తు సంగతీ చెప్పాడు.

"సుప్రియ మన ఢిల్లీ ఆఫీసు మనిషే," అన్నాడు పెంచలప్రసాద్ గారు. "అటూ ఇటూ జీతం తీసుకుంటా ఉండాది. మనకి కబురు పంపిందెవురో ముఠాకి పట్టించేదానికే నీ తువ్వాలు కొట్టేసింది. ఇంతకీ ఆమె నీకు మత్తు పెట్టలేదా? నువ్వు మెలకువగా ఎట్టా ఉండావు?"

"అదీ... సూప్ తాగలేదు సార్. పొద్దున తిందామని..."

"పొద్దున తిందామనీ..." అన్నాడు పెంచలప్రసాద్ గారు. "సరే. కొలంబో సంగతి ఇంక ఎత్తను."

హెన్రిక్ హ్యూ స్టేషన్ దాటాక లేచాడు. పక్షులన్నీ పోయాయని లబోదిబోమన్నాడు. తర్వాత తల పట్టుకుని, "నేలపట్టులో ఒకావిడ చెప్పింది, పుల్లటి చేప రాత్రి తినకూడదని. వినలేదు నేను," అన్నాడు. శివ అతనికి తన చేత్తో కాఫీ తెచ్చిచ్చాడు, క్షమాపణ కింద. ఎందుకో అతనికి అర్థం కాలేదు.

సాయంత్రం రైలు దిగే వేళకి ఇంటి నుంచి ఫోన్. నాయన మండిపడుతున్నాడు. "ఎవురో కోస్ట్ గార్డోళ్లురా, పడవ ముక్కు తడిమి తడిమి పసుపంతా చెరిపేసినారు! ఏందని అడిగితే సెల్యూట్ కొట్టి పోయినారు!"

ఫోను అమ్మ చేతిలోకి మారింది. "ఎప్పుడొస్తావో ఒకరోజు ముందు చెప్పు నాయనా. ముందురోజే వండి పెట్టాల గదా. ఆఁ, నా గిన్నె భద్రమేనా?"

గిన్నె డోంగ్‌హోయ్ ప్లాట్‌ఫాం మీద ఉంది. ఉద్యోగంలో చేరిన తర్వాత మొదటిసారి, ఏజెంట్ కొరమీను జవాబు చెప్పకుండా లైన్ కట్ చేశాడు.